హెన్రీ ఫాసెట్టుగారి చరిత్రము

ఏలువారిని పొగడువారు ఏ కాలమునందును కొరతపడరు. ఏలువారిని నిలిపి, వెచ్చించిన సొమ్మునకు లెక్క చెప్పుడని మర్యాద తప్పక అడుగువారు మాత్రము అరుదు. ఎవరి పక్షమున అడుగుచున్నారో వారు దూరదేశస్థులును, ఓటు లేనివారును ఐనప్పుడు అట్టివారు మరింత అరుదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు పార్లమెంటులో ఈ పనిని తనంతట తాను నెత్తిన వేసికొనిన హెన్రీ ఫాసెట్టుగారి చరిత్రము మన విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది.

ఫాసెట్టుగారు 1833వ సంవత్సరమున ఇంగ్లండులోని సాలిస్‌బరీ పట్టణమందు జన్మించిరి. తండ్రి బట్టల వర్తకుడు. పిమ్మట వ్యవసాయము చేసెను. కుమారుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివి, 1856లో గణితశాస్త్ర పరీక్షయందు ఏడవ స్థానమును పొంది, ట్రినిటీ హాలు కళాశాలలో ఫెలోగా ఎన్నుకొనబడెను. ఎత్తరి, బలశాలి, బిగ్గరగా నవ్వు స్వభావము కలవాడు. న్యాయవాదియై, పిదప పార్లమెంటు సభ్యుడై ప్రజలకు సేవ చేయవలెనని బాల్యమునుండి ఆయన కోరిక.

1858వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన ఆ కోరికకు గొప్ప విఘాతము కలిగెను. నాడు తండ్రికొడుకులు సాలిస్‌బరీ సమీపమందలి కొండమీద కౌజుపిట్టలను వేటాడుచుండిరి. తండ్రికి ఒక కంట శుక్లము ప్రారంభమై యుండెను. కుమారుడు నిలిచియున్న చోటును గమనింపక ఆయన తుపాకి పేల్చగా, రెండు రవ్వలు కుమారుని కండ్లద్దములను ఛేదించుకొని రెండు కన్నులలోను దూరెను. ఇరువది యైదేండ్ల యువకుడు ఆ క్షణముననే శాశ్వతముగా చూపును కోల్పోయెను.

తన చేతులతోనే కుమారునికి ఇట్టి ఆపద తెచ్చితినని తండ్రి కుమిలిపోవుచుండెను. ఫాసెట్టుగారు మాత్రము పది నిమిషములలోనే తన జీవితాశయమును మార్చుకొనరాదని నిశ్చయించుకొనిరట. తాను ఉల్లాసముగా కనబడినగాని తండ్రికి ఊరట కలుగదని ఎరిగి, ఆయన యెదుట ఎన్నడును దిగులు చూపలేదు. వెనుకటివలెనే నడకకు పోవుచు, గుఱ్ఱమెక్కుచు, చేపలు పట్టుచు, చలికాలమున గడ్డకట్టిన నీటిపై స్కేటింగు చేయుచు ఉండెను. న్యాయవాదవృత్తిని విడిచి అర్థశాస్త్రమును అభ్యసించెను. ఇతరులు చదువగా వినుటయు, వినినదానిని మనస్సున నిలుపుకొనుటయు ఆయన విద్యాభ్యాస పద్ధతి. 1863లో అర్థశాస్త్రముపై ఒక గ్రంథమును ప్రకటించి, ఆ యేడే కేంబ్రిడ్జిలో ఆ శాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. 1867లో మిల్లిసెంట్ గారెట్ అను విదుషీమణిని వివాహమాడెను. ఆమె భర్తకు చదివి వినిపించుచు, ఆయన చెప్పినది వ్రాయుచు, కుడిభుజమై నిలిచెను. తరువాతి కాలమున ఇంగ్లండు స్త్రీలకు ఓటుహక్కు సంపాదించిన నాయకులలో ఆమె అగ్రగణ్యురాలు.

అంధుడు శాసనసభలో ఎట్లు పనిచేయగలడని పలువురు శంకించిరి. కొన్ని ప్రయత్నములు విఫలమైన పిమ్మట 1865లో బ్రైటన్ పట్టణ ప్రజలు ఆయనను కామన్సు సభకు పంపిరి. ఆయన లిబరలు పక్షమువాడు.

ఆ కాలపు హిందూదేశ ఆదాయవ్యయముల స్థితిని ఇచట కొంత వివరింపవలెను. హిందూదేశమున పన్నులు కట్టు రైతునకు గాని వర్తకునకు గాని పార్లమెంటులో ప్రతినిధి లేడు. హిందూదేశ మంత్రి లండనులో కూర్చుండి పరిపాలించుచుండినను ఆయన జీతము సహితము మన దేశపు బొక్కసమునుండియే చెల్లుచుండెను. ఇంగ్లీషువారి పన్నులనుండి చెల్లనందున ఇంగ్లీషు సభ్యులకు ఆ వ్యయముపై శ్రద్ధ తక్కువ. ఈ దేశపు ఏటి లెక్కలు సభ ముగియనున్న దినములలో, బల్లలు ఖాళీగా ఉన్న వేళ చర్చకు వచ్చుచుండెను. కోట్ల ప్రజల సొమ్మునుగూర్చిన విచారణ ఆవులింతల నడుమ ముగియుచుండెను.

1867లో టర్కీ సుల్తాను లండనుకు రాగా, ఇండియా ఆఫీసునందు ఆయన గౌరవార్థము గొప్ప నాట్యవినోదము జరిగెను. దాని ఖర్చును హిందూదేశపు ఆదాయముపై వ్రాసిరి. అప్పుడు ప్రభుత్వము కన్సర్వేటివు పక్షముది. ఫాసెట్టుగారు ప్రతిపక్షమున కూర్చున్న క్రొత్త సభ్యుడు. లండనులో ధనికులు అనుభవించిన విందునకు హిందూదేశపు బీదవాడు ఏల చెల్లింపవలెనని ఆయన సభలో ప్రశ్నించెను. ఖర్చు మారలేదు. అయినను ఆ నాటినుండి హిందూదేశపు పద్దులను చదివించుకొని వినువాడు ఒకడు సభలో కలడని మంత్రులకు తెలిసెను. మరుసటి సంవత్సరము ముగిసిన అబిసీనియా యుద్ధమునకు హిందూదేశపు సేనలను పంపి, వారి సాధారణపు జీతములను ఈ దేశముపైననే వేసినప్పుడును, ఆయన మరికొందరితో కలిసి ప్రతిఘటించెను.

ఆయన పనితీరు గమనింపదగినది. నివేదికలను, ఆయవ్యయ పట్టికలను కార్యదర్శిచే చదివించుకొని, అంకెలన్నియు కంఠస్థము చేసికొని సభకు పోవును. ఎదుటివారు కాగితములు తిరుగవేయుచుండగా ఈయన ఒక్క చీటియైనను లేక గంటకుపైగా లెక్కలు వరుసగా చెప్పును. పరుషవాక్యములతో గెలువవలెనని చూడక, ఏ పద్దు ఏ బొక్కసమున పడవలెనో అంకెలతోనే నిరూపించును. 1871లో హిందూదేశ ఆర్థికవిషయములపై నియమింపబడిన పార్లమెంటు విచారణ సంఘమున సభ్యుడై సాక్షులను నిశితముగా ప్రశ్నించెను. జనులు ఆయనకు హిందూదేశపు సభ్యుడని పేరుపెట్టిరి.

తన పక్షమువారు అధికారమునకు వచ్చినపుడు నోరు మూసికొనుట ఆయనకు చేతకాలేదు. 1868 మొదలు 1874 వరకు గ్లాడ్‌స్టనుగారు ప్రధానమంత్రిగా ఉండగా, ఫాసెట్టుగారు స్వపక్షపు బల్లలనుండియే విమర్శించుచుండెను. 1873లో గ్లాడ్‌స్టనుగారి ఐర్లండు విశ్వవిద్యాలయపు బిల్లును వ్యతిరేకించెను. అది మూడే ఓట్లతో ఓడిపోయెను. డబ్లిన్ విశ్వవిద్యాలయమున మతమునుబట్టి విధించిన నిర్బంధములను తొలగించు చట్టము ఆయన ప్రయత్నముననే ఆ యేడు నెరవేరెను. లండను చెంతనున్న ఎప్పింగు అడవిని, పల్లెల ఉమ్మడి బీళ్లను బీదలకు దక్కించుటకును ఆయన మిక్కిలి పోరాడెను.

1874 ఎన్నికలలో ఆయన బ్రైటనులో ఓడిపోయెను. అప్పుడు మన దేశస్థులు చందాలు కూర్చి ఆయన ఎన్నిక ఖర్చులకై పంపిరి. తమ ఓటుతో తోడ్పడలేనివారు తమ రూపాయలతో తోడ్పడిరి. కొద్దినెలలలోనే హాక్నీ నియోజకవర్గమువారు ఆయనను మరల సభకు పంపిరి. ఈసారి ప్రభుత్వము డిజ్రేలీగారిది. ఫాసెట్టుగారు ఆరేండ్లు ప్రతిపక్షమున ఉండిరి.

ఆ యేండ్లలోనే మన ప్రాంతములను మహాక్షామము పీడించెను. 1876 మొదలు 1878 వరకు బళ్లారి, కర్నూలు, కడప మొదలగు జిల్లాలలో జనులు లక్షల సంఖ్యలో మరణించిరి. దానినే మన పెద్దలు ధాత కరువు అనిరి. మరల కరువు వచ్చినచో ఆదుకొనుటకని ప్రభుత్వము వర్తకులపై లైసెన్సు పన్ను మొదలైనవి విధించి, ఏటేట 15 లక్షల పౌనులు ప్రత్యేకముగా కేటాయింతుమని వాగ్దానము చేసెను. ఆ మాట చల్లారకమునుపే 1878లో ఆఫ్‌గను యుద్ధము ప్రారంభమయ్యెను, వాగ్దానము వెనుకబడెను.

ఆ డిసెంబరులో, యుద్ధవ్యయమును హిందూదేశపు ఆదాయమునుండి చెల్లింపరాదని ఫాసెట్టుగారు కామన్సు సభలో సవరణ ప్రతిపాదించిరి. సామ్రాజ్య ప్రయోజనమునకై చేయు యుద్ధమునకు, నిన్నటి కరువునుండి తేరుకొనని ప్రజలేల మూల్యము చెల్లింపవలెనన్నది ఆయన వాదము. సవరణ ఓడిపోయెను. కాని తరువాత యుద్ధపు అసలు ఖర్చు తొలి అంచనాకు రెండు రెట్లు దాటినట్లు బయటపడెను. నూతన ప్రభుత్వము వచ్చిన పిమ్మట 50 లక్షల పౌనులు ఇంగ్లండే భరించుటకు ఒప్పుకొనెను. హిందూదేశ ఆర్థికవిషయములపై ఆయన వ్రాసిన వ్యాసములు 1880లో పుస్తకముగా వెలువడెను.

ఆ సంవత్సరముననే గ్లాడ్‌స్టనుగారు ఆయనను పోస్టుమాస్టరు జనరలుగా నియమించిరి. ఇతరులను లెక్క అడిగినవాడు ఇప్పుడు తాను లెక్క చెప్పవలసినవాడయ్యెను. పెన్నీ బిళ్లలు అంటించి బీదలు సొమ్ము కూడబెట్టుకొను పద్ధతిని ఆయన ఏర్పరచెను. 1883లో పార్సిలు తపాలాను నెలకొల్పెను. తపాలాశాఖయందు స్త్రీల ఉద్యోగములను వృద్ధిచేసెను. 1884 నవంబరు 6వ తేదీన, 51వ యేట, కేంబ్రిడ్జిలో పరమపదించెను. సమీపమున ట్రంపింగ్టను చర్చి ఆవరణమున ఆయన సమాధి కలదు.

ఫాసెట్టుగారు ఇంగ్లీషువారి పరిపాలన తొలగవలెనని కోరినవారు కారు. ఏలుబడి ఎవరిదైనను, ఒకరి సొమ్ము మరియొకరి సుఖమునకు వెచ్చింపరాదన్నదే ఆయన పట్టుదల. సభలో ఓట్ల లెక్కనుబట్టి చూచిన ఆయన ఓటములు పెక్కు. హిందూదేశ మంత్రి జీతమును ఇంగ్లండు బొక్కసముపై వేయు ఏర్పాటు 1919 చట్టముతోగాని రాలేదు. అప్పటికి ఆయన గతించి 35 ఏండ్లు.

విద్యార్థులారా! ఆయన కార్యమునకు సాధనములు రెండే: పద్దును పూర్తిగా తెలిసికొనుట, వినువారు కొలదిమందియైనను లేచి అడుగుట. ఈ రెంటికి కన్నులు లేకపోవుట అడ్డుకాలేదు. ప్రజాస్వామ్యమున ఓటు పొంది పెరుగుచున్న మీరు రేపు పంచాయతీలోనో, సంఘములోనో, శాసనసభలోనో పద్దులు చూచు దినము వచ్చును. నాడు, ఆ సొమ్ము చెల్లించినవారు ఆ గదిలో లేకున్నను, వారి పక్షమున ఒక్క ప్రశ్న అడుగుటకు వెనుదీయకుడు.