జోసెఫ్ లిస్టరు

గాయపు కట్టు విప్పుటకు ముందు నర్సు చేతులు కడుగుకొనుట మన మెల్లరము చూచినదే. ఈ జాగ్రత్తను లోకమునకు నేర్పినవారిలో ముఖ్యుడు జోసెఫ్ లిస్టరు. ఇతడు 1827వ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన ఇంగ్లాండులోని అప్టన్ గ్రామమున జనించెను. తండ్రి ద్రాక్షసారా వర్తకుడయ్యును సూక్ష్మదర్శినికి మేలైన కటకములు కూర్చి కీర్తిగాంచెను. కంటికి కానరానిది లేదని తలచుట తప్పని కుమారుడు బాల్యముననే గ్రహించెననవచ్చును.

1860లో లిస్టరు గ్లాస్గోనందు శస్త్రవైద్యాచార్యుడయ్యెను. ఆనాటి వైద్యులు నెత్తుటి మరకలతో బిగిసిన అంగీతోనే ఒక రోగినుండి మఱియొక రోగియొద్దకు పోవుచుండిరి. 1864–1866 నడుమ లిస్టరు అవయవములు ఖండించిన 35 మందిలో 16 మంది మరణించిరి. శస్త్రము చక్కగా సాగినను పిదప గాయము కుళ్లుచుండెను.

కుళ్లుటకు సూక్ష్మజీవులే కారణమని ఫ్రాన్సుదేశపు పాశ్చరు చెప్పినట్లు ఇతడు తెలిసికొనెను. కార్లైల్ పట్టణమున మురుగుకంపు నణచుటకు కార్బాలిక్ ఆమ్లము వాడుచున్న వార్తయు వినెను.

1865 ఆగస్టు 12వ తేదీన జేమ్స్ గ్రీన్‌లీస్ అను పదునొకండేండ్ల బాలుని వైద్యశాలకు తెచ్చిరి. బండిచక్రము ఎడమకాలిమీదుగా పోయి ఎముక విరిగి గాయమయ్యెను. ప్రత్తిబండ్ల నెఱిగిన ఆదోనివారికి ఆ యపాయమును వర్ణింప నక్కఱలేదు. అట్టి గాయమునకు కాలు తీసివేయుటే నాటి వాడుక. లిస్టరు ఆమ్లమున తడిపిన గుడ్డను గాయముపై నుంచి నాలుగు దినములు కదల్చలేదు. విప్పిచూడగా చీము లేదు, కంపు లేదు; ఆమ్లము సోకిన చర్మము మాత్రము కొంచెము కమిలియుండెను. ఆఱు వారములలో ఎముక అతుకుకొనెను. 1867–1870 నడుమ అవయవములు ఖండించిన 40 మందిలో మృతులు 6గురే.

తరువాత ఇతడు గాలిలోనికి ఆమ్లమును చిమ్ము యంత్రమును వాడెను. గాలికంటె చేతులు, పనిముట్లు, గుడ్డలే ఎక్కువ ముప్పని తేలిన పిమ్మట దానిని తానే విడిచెను. పేరుమోసిన తన పద్ధతిని తానే త్రోసివేయుట ఇతని విజయములన్నిటికంటె మాకు గొప్పగా తోచుచున్నది.

అంతలో జర్మనీ వైద్యులు, క్రిములను గాయములో చంపుటకంటె అందు చేరనీయకుండుట మేలని, పనిముట్లను కట్లను ఆవిరిపట్టించసాగిరి. ఎమ్మిగనూరు మగ్గమునుండి దిగిన నూలుగుడ్డ మల్లెపూవువలె నున్నను, ఆవిరి పట్టనిదే పుండుపై వేయదగదు. ఆవిరిపట్టిన పిదపనైనను, గాయమునకు తగులు భాగమును నర్సు వట్టిచేత ముట్టెనేని మరల మైలపడినట్లే.

రబ్బరు తొడుగుల కథయు నర్సుదే. 1889–90 శీతకాలమున అమెరికాలోని బాల్టిమోరునందు కరొలిన్ హాంప్టన్ అను నర్సు చేతులు క్రిమిసంహారక ద్రవముచే పాడుకాగా, వైద్యుడు హాల్‌స్టెడ్ ఆమెకై తొడుగులు చేయించెను. నర్సు చేతులకై పుట్టినవి రోగులకు రక్షయయ్యెను!

లిస్టరు 1912 ఫిబ్రవరి 10వ తేదీన వాల్మరునందు మృతినొందెను. వెస్ట్‌మినిస్టరు ఆలయమున గాక, తన కోరిక చొప్పున, ప్రయోగముల వివరములు వ్రాసిపెట్టుచుండిన భార్య ఆగ్నెసు ప్రక్కనే ఇతనిని సమాధిచేసిరి.