రొట్టె అరువిచ్చిన మేయరు

ఎరువుల బస్తా కోసమో, పంట రుణం కోసమో మన రైతులు ‘సొసైటీ’ మెట్లు ఎక్కుతూనే ఉంటారు. ఆ సొసైటీ వెనుక ఒక విశ్వాసి జీవితం ఉందని మన సంఘాల్లో తెలిసినవారు తక్కువ. ఆయన జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్.

1818 మార్చి 30న హమ్ అనే ఊళ్లో, తొమ్మిదిమంది పిల్లల్లో ఏడోవాడిగా పుట్టారు. తండ్రి అండ చిన్ననాడే పోయింది. తల్లి భక్తిలో పెంచింది, ఊరి పాస్టరుగారు చదువు చెప్పారు. సైన్యంలో చేరితే కంటిజబ్బు నిలవనివ్వలేదు. 1845లో వైయర్‌బుష్‌కు మేయరయ్యారు.

మరుసటి ఏడే పంటలు పోయి, 1846-47 చలికాలం ఆకలితో వచ్చింది. ప్రభుత్వం పిండి పంపింది గాని, రొక్కానికే అమ్మాలని షరతు పెట్టింది. రొక్కమే ఉంటే పేదవాడు ఆకలితో ఎందుకుంటాడు? ఆయన ఆ ఆజ్ఞను పక్కనపెట్టి అరువిచ్చారు. కలిగినవారిచేత డబ్బు వేయించి ధాన్యం కొనిపించారు, ఉమ్మడి రొట్టెల బట్టీ కట్టించారు. పై అధికారులకు లోబడాలని బోధించే మేము ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగిపోయాం.

తర్వాత ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు బదిలీ. అక్కడ చిన్న రైతుల పీడ పశువుల అప్పు. ఆవును అరువుకు తోలుకొచ్చిన రైతు, దాని ఈతను, చివరికి ఆవునే వ్యాపారికి వదులుకునేవాడు. 1849లో ఆయన పెట్టించిన సహాయ సంఘం తానే పశువులను కొని రైతులకిచ్చి, ఐదేళ్లలో వాయిదాలుగా తీర్చుకోనిచ్చింది. ఒక మాట దాచకూడదు: వడ్డీ పీడను యూదు వ్యాపారుల మీద మోపే ఆ కాలపు దురభిప్రాయం ఆయన రాతల్లోనూ ఉంది. అది తప్పే.

ఈ సంఘాలు నడిచింది ధనికుల దయ మీద. వాళ్ల ఉత్సాహం చల్లారితే పని కుంటుపడేది. ఇది ఆయనకు కష్టంగా అర్థమైంది. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో పద్ధతే మార్చారు: అప్పు కావలసినవాడే సభ్యుడు, ఒకరి బాకీకి అందరూ పూచీ, పెద్దలకు జీతం లేదు, మిగులు సంఘానిదే. ఊరు చిన్నది కాబట్టి ఎవరు ఎలాంటివారో అందరికీ తెలుసు. ఆ తెలియడమే తాకట్టు.

ఈ పద్ధతిని చూసి రావడానికే 1892లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్‌ను యూరపుకు పంపింది. మన తెలుగు జిల్లాలు చాలావరకు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. 1904లో సహకార పరపతి చట్టం వచ్చింది.

అంతకు ముందే ఆయన కన్నుమూశారు. 1863లో భార్య ఎమీలియా పోయింది. 47 ఏళ్లకే ఉద్యోగం వదలవలసివచ్చింది, చిన్న పింఛను చాలక ద్రాక్షారసం వ్యాపారం చేశారు. చూపు మసకబారుతుంటే పెద్దకూతురు అమాలియా ఉత్తరాలు చదివి వినిపించేది, చెప్పింది రాసేది. ఆమె పెళ్లి చేసుకోలేదు. 1888 మార్చి 11న, డెబ్బయ్యో పుట్టినరోజుకు 19 రోజుల ముందు ఆయన వెళ్లిపోయారు.