అయిదువందల అరవై అయిదు ఓట్లు

మాది పద్మనాభం. 1794 జూలై 10న కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు ఒరిగిపోయిన నేల. గెలిచినవాళ్ళకంటే ఓడిన రాజునే మేం ఎక్కువగా తలుచుకుంటాం. అందుకేనేమో, వరాహగిరి వెంకటగిరిగారి జీవితంలో కూడా రాష్ట్రపతి పదవికంటే ఆయన ఓడిపోయిన ఒక ఎన్నిక మీదికే నా మనసు పోతుంది. ఆ ఎన్నిక జరిగిన నియోజకవర్గం ఆ రూపంలో ఒక్కసారే బతికింది.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులుగారు వకీలు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు వెళ్ళి డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో చేరారు. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ ప్రభావం ఆయన మీద గాఢంగా పడింది. 1916 ఈస్టరు తిరుగుబాటు తరువాత కానలీని కాల్చి చంపారు. గిరిగారు ఆ ఏడే స్వదేశం చేరారు. ఆ కాలేజీ భాగమైన నేషనల్ యూనివర్సిటీకి 1918లో బ్రిటిష్ పార్లమెంటులో ఒక స్థానం ఇచ్చారు, 1922లో తీసేశారు. నియోజకవర్గాలకూ ఆయుర్దాయం వుంటుందన్నమాట!

ఇక్కడికొచ్చాక గిరిగారు కార్మికుల మధ్య పనిచేశారు. వాల్తేరు దాకా వచ్చే బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులకు ఆయన పెద్ద దిక్కు. 1937లో బొబ్బిలి స్థానంలో సాక్షాత్తు బొబ్బిలి రాజాగారినే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, కేంద్రంలో కార్మిక శాఖ చేపట్టారు. బ్యాంకు ఉద్యోగుల కేసులో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ పదవి వదులుకున్నారు. పాతపట్నం లోక్‌సభ స్థానానిదీ అల్పాయుష్షే. ఒక్క సాధారణ ఎన్నికతోనే దాని కథ ముగిసింది.

1957లో ఆయన పార్వతీపురం నుంచి నిలబడ్డారు. అది ద్విసభ్య నియోజకవర్గం. రెండు సీట్లలో ఒకటి షెడ్యూల్డు తెగలకు, రెండోది జనరల్. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు, కాని రెండూ ఒకరికే వెయ్యకూడదు. మరి ఫలితం ఎలా తేలుస్తారు? ముందు షెడ్యూల్డు తెగల అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వుడు సీటు ఇస్తారు. తరువాత మిగిలిన అభ్యర్థులందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారిది రెండో సీటు. బిడ్డిక సత్యనారాయణగారికి రిజర్వుడు సీటు దక్కింది. మిగిలినవారిలో గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరగారికి గిరిగారికంటే 565 ఓట్లు ఎక్కువ వచ్చాయి. జనరల్ సీటూ గిరిజనుడిదే అయింది!

గిరిగారు ఊరుకోలేదు. రిజర్వుడు సీటు కోసం నామినేషన్ వేసినవారికి జనరల్ సీటు ఎలా ఇస్తారని ట్రిబ్యునల్‌కు, హైకోర్టుకు, చివరికి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. సూరిదొరగారు మూకదొర తెగను విడిచి క్షత్రియుడైపోయారని కూడా వాదించారు. జీవితమంతా బడుగు కార్మికుల పక్షాన నిలిచిన మనిషి, ఒక గిరిజనుడి పుట్టుకను ప్రశ్నించవలసి రావడం నాకు కష్టంగానే తోస్తుంది. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదాలను తోసిపుచ్చింది. రిజర్వుడు సీటు గిరిజనుడికి కనీసపు హామీయే గాని, జనరల్ సీటు తలుపుకు వేసిన గొళ్ళెం కాదని ఆ కేసుతో తేలిపోయింది. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేసింది. పార్వతీపురం ఒంటి సీటుగా మిగిలి, 2008 పునర్విభజనతో లోక్‌సభ పటంలోంచే పోయింది. దాని స్థానంలో అరకు వచ్చింది.

గిరిగారి సంగతేమిటి? ఆ ఓటమితో ఆయన కుంగిపోలేదు. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో స్వతంత్రుడిగా నిలబడి నీలం సంజీవరెడ్డిగారి మీద గెలిచి రాష్ట్రపతి అయ్యారు. ఆ ఎన్నిక చెల్లదని కేసు పడితే, 1970లో పదవిలో వుండగానే సుప్రీంకోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. ఓడినప్పుడు తాను గుమ్మం ఎక్కిన కోర్టుకే, గెలిచాక జవాబు చెప్పుకున్నారు. 1975లో భారతరత్న అందుకుని, 1980లో కన్నుమూశారు.

సాలూరు, కురుపాం, పాడేరు నుంచి వచ్చిన మిత్రులు మన మధ్య చదువుకుంటున్నారు. మార్కులతో జనరల్ సీటు తెచ్చుకున్నవాణ్ణి పట్టుకుని, మీకు వేరే కోటా వుంది కదా, ఇదెందుకు అని అడిగేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. అలాంటివాళ్ళకు నేను పార్వతీపురం కథే చెబుతాను. గిరిగారంతటి పెద్దమనిషి ఆ ప్రశ్నే అడిగి, జవాబు విని, తలవంచి ముందుకు సాగారు. మనమూ సాగవచ్చు.