ఓటడిగిన మదనపల్లె దొరసాని

మదనపల్లె పేరెత్తితే మా పుంగనూరు వైపు వాళ్లు ముందు చెప్పేది జనగణమన సంగతే. 1919లో ఠాగూర్ అక్కడి బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు ఆ పాటకి స్వరాలు రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ దొరసాని. ఆవిడ అంతకుముందే ఓటు కోసం జైలుకెళ్లొచ్చిన మనిషని మాత్రం చెప్పేవాళ్లు తక్కువ.

1878లో ఐర్లండులో పుట్టారు. సంగీతంలో డిగ్రీ చేశారు. ఆడవాళ్లకి ఓటివ్వమంటూ 1910లో లండన్‌లో మంత్రుల ఇళ్లమీద రాళ్లు రువ్వి జైలుకెళ్లారు. 1913లో సొంత దేశంలో మళ్లీ జైలు, నిరాహారదీక్ష! 1915లో భర్త జేమ్స్‌తో మన దేశానికొచ్చి, ఆయన ఉద్యోగం కోసం మదనపల్లె చేరారు.

1917 డిసెంబరులో సరోజినీ నాయుడు ముందుండగా కొందరు ఆడవాళ్లు మద్రాసులో మాంటేగు దొరని కలిసి ఓటు అడిగారు. దాన్ని కూడగట్టింది కజిన్సే. 1921లో మద్రాసు కౌన్సిల్ సరేనంది. కానీ ఓటుండాలంటే ఆస్తి ఉండాలట! మన ఇళ్లల్లో పొలం, ఇల్లు ఎవరి పేరున ఉంటాయో వేరే చెప్పాలా?

1926లో పోటీ చేసే హక్కూ వచ్చింది. కజిన్స్ ప్రోత్సాహంతో కమలాదేవి చట్టోపాధ్యాయ కౌన్సిల్‌కి నిలబడి కొద్ది ఓట్లలో ఓడిపోయారు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మాత్రం లోపలికి వెళ్లగలిగారు, గెలిచి కాదు, సర్కారు నామినేట్ చేస్తే.

1930ల మొదట్లో ఇదే పెద్ద చర్చ. కజిన్స్ పూనికతో పుట్టిన మహిళా సంఘాలు అందరికీ ఓటు కావాలి, ఆడవాళ్లకని వేరే సీట్లు వద్దు అన్నాయి. దయతో ఇచ్చిన కుర్చీకి విలువుండదని వాళ్ల బాధ. ఆ రోజుల్లోనే, 1932లో, సర్కారు ఆర్డినెన్సులను ఎదిరించి మాట్లాడినందుకు ఆవిడ వేలూరు జైలుకెళ్లారు. 1935 చట్టం మాత్రం ఆడవాళ్లకి కొన్ని సీట్లు విడిగా పెట్టింది, ఆస్తిపరుల భార్యలకీ ఓటిచ్చింది. అంటే మొగుడిని చూసి ఓటన్నమాట.

భార్య హోదాలో ఓటు వద్దన్నారే, అక్కడ వాళ్లకి నా రెండు చేతులూ జోడిస్తాను. సీట్ల సంగతిలో మాత్రం ఒప్పుకోలేను. కుప్పంలో ఉన్న మా వదిన, సీటు ఆడదానికొచ్చినా పెత్తనం మొగుడిదే కదా అంటుంది. నిజమే, మా ఊళ్లోనూ చూస్తున్నాం. అయినా వార్డు రిజర్వు కాకపోతే ఏ పార్టీ మనల్ని పిలిచి టికెట్టిస్తుంది చెప్పండి? కమలాదేవి అంతటావిడే ఓడిపోతే, పోపులపెట్టె డబ్బులతో మనం గెలుస్తామా?

స్వతంత్రం వచ్చాక 1951-52 ఎన్నికల్లో ఆస్తి, చదువు చూడకుండా అందరికీ ఓటు వచ్చింది. పక్షవాతంతో ఉన్న కజిన్స్, 1954లో కన్నుమూసేలోపు ఆ రోజూ చూశారు. అయితే ఆ ఓటర్ల లిస్టులో, ఎక్కువగా ఉత్తరాదిలో, చాలామంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పలేదు. ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అని రాయించుకున్నారు. పేరు లేని ఓటు కుదరదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ సుమారు 28 లక్షల మందిని లిస్టులోంచి తీసేయించారు.