క్రిస్మస్ వేళ హజ్రత్ మర్యమ్ (అ.స.) జీవితం

డిసెంబరు నెల వచ్చిందంటే నెల్లిమర్లలోనూ, చంపావతి ఒడ్డు పల్లెల్లోనూ క్రైస్తవ సోదరుల ఇళ్ళ ముందు నక్షత్రాలు వెలుగుతాయి. క్రిస్మస్ అంటే ఏమిటని మన పిల్లలు అడుగుతారు. అది వాళ్ళ పండుగ అని చెప్పి మాట దాటేస్తాం. కాని ఆ ప్రశ్నకు జవాబు మన ఇంట్లో, మనం నిత్యం పారాయణం చేసే దివ్య ఖురాన్‌లోనే ఉంది. ఆ జవాబు ఒక తల్లి జీవితం. ఆమే హజ్రత్ మర్యమ్ (అ.స.).

ఇమ్రాన్ గారి భార్య గర్భవతిగా ఉన్నప్పుడు, పుట్టబోయే బిడ్డను దైవసేవకే అర్పిస్తానని మొక్కుకుంది. ఆమె మగబిడ్డను ఆశించింది. పుట్టింది ఆడపిల్ల. తల్లి కొంత కలవరపడింది. అయినా మాట తప్పలేదు. ఆ పాపకు మర్యమ్ అని పేరు పెట్టి, అల్లాహ్ రక్షణకు అప్పగించింది. అల్లాహ్ ఆ ఆడపిల్లను ఎంతో ప్రీతితో స్వీకరించాడు. ఆడపిల్ల పుట్టిందని ముఖం చిన్నబుచ్చుకునే తల్లిదండ్రులు ఈ ఘట్టాన్ని మరోసారి చదవాలి.

మర్యమ్‌ను ఎవరు పెంచాలన్న విషయంలో పెద్దలు పోటీపడ్డారు. చీటీలు వేసినట్టు కలాలు వేసి చూశారు. ఆ భాగ్యం ప్రవక్త జకరియ్యా (అ.స.)కు దక్కింది. ఆరాధనాలయంలోని గదిలో ఆమె ప్రార్థనల్లో గడిపేది. జకరియ్యా వెళ్ళినప్పుడల్లా అక్కడ ఆహారం కనిపించేది. ఎక్కడిదని అడిగితే, అల్లాహ్ పంపాడని ఆమె చెప్పేది.

ఒకనాడు ఆమె ఏకాంతంలో ఉండగా దైవదూత మనిషి రూపంలో వచ్చి, పవిత్రుడైన కుమారుడు కలుగుతాడని శుభవార్త చెప్పాడు. పురుషుడెవరూ తాకని తనకు బిడ్డ ఎలాగని ఆమె ఆశ్చర్యపోయింది. అల్లాహ్‌కు అది అతి సులభమని దూత తెలిపాడు. గర్భవతియైన మర్యమ్ దూర ప్రదేశానికి వెళ్ళిపోయింది. పురిటి నొప్పులు ఆమెను ఖర్జూరపు చెట్టు మొదటికి చేర్చాయి. తోడు ఎవరూ లేరు. ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని ఆ తల్లి వాపోయింది. అప్పుడు ఆమెకు ఓదార్పు వినిపించింది. కాళ్ళ కింద సెలయేరు పారింది. చెట్టును ఊపగా పండిన ఖర్జూరాలు రాలాయి.

బిడ్డను ఎత్తుకొని తిరిగి వచ్చినప్పుడు జనం నిందలు వేశారు. ఆమె మౌనవ్రతంలో ఉంది. బిడ్డ వైపు సైగ చేసింది. ఊయలలోని ఆ పసివాడు ఈసా (అ.స.) తాను అల్లాహ్ దాసుడినని, ప్రవక్తనని పలికి తల్లి గౌరవాన్ని నిలబెట్టాడు. ఆమెపై వేసిన అపనిందను ఖురాన్ ఘోరమైనదిగా పేర్కొంది. ఖురాన్‌లో స్వంత పేరుతో ప్రస్తావించబడిన స్త్రీ ఆమె ఒక్కరే. 98 ఆయతులు గల 19వ సూరా ఆమె పేరు మీదే ఉంది.

ఇక క్రిస్మస్ అనే పేరు సంగతి. క్రీస్తు అనేది గ్రీకు మాట. అభిషేకం పొందినవాడని అర్థం. హీబ్రూలో దాన్నే మషీహ్ అంటారు. ఖురాన్ ఈసా (అ.స.)ను పిలిచిన మసీహ్ అనే బిరుదు కూడా ఆ మాటకు సోదరి వంటిదే. మాస్ అంటే చర్చిలో జరిగే ఆరాధన. ఈ రెండూ కలిసిన పేరు 11వ శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది. పుట్టిన తేదీని ఇంజీలు గ్రంథాలు గాని, ఖురాన్ గాని చెప్పలేదు. డిసెంబరు 25న ఈ పండుగ జరిగినట్టు క్రీ.శ. 336 నాటి రోము నగరపు ఆధారం ఉంది. సూర్యుని పండుగ ఉన్న రోజు కనుక ఆ తేదీ వచ్చిందని కొందరు చరిత్రకారులు అంటారు. మార్చి 25 నుంచి తొమ్మిది నెలలు లెక్కించారని మరికొందరు అంటారు. ఆర్మీనియా చర్చి జనవరి 6న జరుపుకుంటుంది.

ఈ జన్మ వృత్తాంతం తెలుగులోకి రావడానికి మన ఉత్తరాంధ్రతో దగ్గరి సంబంధం ఉంది. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు ఆనందరాయర్ సాయంతో ఇంజీలు అనువాదానికి పూనుకున్నారు. ఇద్దరు మిషనరీలూ చనిపోయాక, 1812లో శ్రీరాంపూరులో మూడు సువార్తలు అచ్చయ్యాయి. ఉత్తరాంధ్రలోనే పుట్టిన పండితుడు చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను తెలుగు చేయగా 1925లో ప్రచురితమైంది. అలా సూరా మర్యమ్ కూడా తెలుగువారికి అందింది.

ఈ పండుగ అర్థం వద్ద రెండు సమాజాల దారులు వేరవుతాయి. దేవుడే మనిషిగా అవతరించిన రోజని క్రైస్తవుల విశ్వాసం. ఈసా (అ.స.) అల్లాహ్ దాసుడు, ప్రవక్త అని మన విశ్వాసం. ఈ తేడాను దాచనక్కరలేదు. దాని కోసం తగాదా పడనక్కరా లేదు.

క్రీ.శ. 615 ప్రాంతంలో మక్కా వేధింపులు తాళలేక కొందరు ముస్లిములు హబషా దేశం వెళ్ళారు. వారిని అప్పగించమని ఖురైషు దూతలు అక్కడి క్రైస్తవ రాజు నజాషీని కోరారు. అప్పుడు జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) సూరా మర్యమ్ మొదటి భాగాన్ని వినిపించారు. రాజు కంట నీరు పెట్టాడు. ఈసా గురించి మీరేమంటారని మర్నాడు అడిగినప్పుడు, ఆశ్రయం పోతుందేమోనన్న భయం ఉన్నా జాఫర్ ఉన్నది ఉన్నట్టే చెప్పారు. రాజు వారిని అప్పగించలేదు.

ఈ డిసెంబరులో మన పిల్లలు అడిగితే మాట దాటవేయకండి. దగ్గర కూర్చోబెట్టుకొని ఖర్జూరపు చెట్టు కింది ఆ తల్లి కథ చెప్పండి. పొరుగువారు అడిగినా జాఫర్ (రజి) చెప్పినట్టే, సత్యాన్ని మర్యాదతో చెప్పండి.