సేవామూర్తి దుర్గాబాయి దేశ్‌ముఖ్

చదువు మధ్యలో మానిన బాలిక మరల పుస్తకం చేతపట్టడం ఎంత కష్టమో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్వానుభవంతో ఎరుగుదురు. ఆ అనుభవమే కాలాంతరంలో దేశంలోని వేలాది గ్రామీణ స్త్రీలకు దారిదీపమైంది.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించారు. ఎనిమిదవ ఏటనే వివాహం జరిగింది. ఊహ తెలిసిన పిదప ఆ బంధం తనకు వద్దని ఆమె స్పష్టం చేయగా, తండ్రి అండగా నిలిచారు. ఆంగ్ల మాధ్యమాన్ని నిరసించి బడి విడిచిన ఆమె, హిందీ నేర్చి, చిన్న వయసులోనే బాలికల కొరకు హిందీ పాఠశాల నడిపారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల సందర్భంలో, ప్రదర్శనశాల ద్వారం వద్ద టిక్కెట్టు లేదని నెహ్రూను సైతం నిలిపివేసిన బాలసేవిక ఆమెయే.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారానికి వెళ్ళారు. వెల్లూరు, మధుర జైళ్ళలో గడిపిన రోజులలో నిరక్షరాస్యులైన స్త్రీ ఖైదీల దైన్యం ఆమె మనస్సును కలచివేసింది. చట్టం తెలియని అబలలకు చేయూత కావాలంటే ముందుగా తాను చదవాలని నిశ్చయించుకున్నారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరదలచినపుడు స్త్రీలకు వసతిగృహం లేదన్నారు. ఆమె పత్రికాముఖంగా పిలుపునిచ్చి, తోటి విద్యార్థినులను సమకూర్చి వసతి ఏర్పాటు చేయించారు. అనంతరం మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1942లో పట్టా పొందారు.

తాను గట్టెక్కితే చాలునని ఆమె తలచలేదు. మద్రాసులోని తెలుగు బాలికలను మెట్రిక్యులేషన్‌కు సిద్ధపరచే చిన్న ప్రయత్నం, 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపుదాల్చింది.

1946లో రాజ్యాంగ సభ సభ్యురాలైన దుర్గాబాయి, 1952లో ప్రణాళికా సంఘంలో స్థానం పొందారు. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే ఏడాది ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమెయే తొలి అధ్యక్షురాలు. మొదటి ప్రణాళికలో ఇందుకై 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ ధనాన్ని స్వచ్ఛంద సంస్థల ద్వారా ప్రజలకు చేర్చడం బోర్డు పద్ధతి. 1954లో గ్రామ సంక్షేమ విస్తరణ పథకాలు ఆరంభమయ్యాయి. దాదాపు 25 గ్రామాలను ఒక సముదాయంగా చేసి బాలవాడి, ప్రసూతి సేవ, వయోజన విద్య, చేతిపనుల శిక్షణ అందించారు.

అయితే ఈ పనులకు ఒక పెద్ద ఆటంకం ఎదురైంది. గ్రామసేవికలుగా, మంత్రసానులుగా, ఉపాధ్యాయినులుగా పనిచేయడానికి తగిన విద్యగల స్త్రీలు పల్లెలలో అరుదు. పట్టణాల వారు పల్లెలలో నిలువరు. పరిష్కారం ఆమె జీవితంలోనే ఉన్నది. బడి మానిన వయోజన స్త్రీలకు, వితంతువులకు, భర్తలు విడనాడిన వారికి స్వల్పకాలంలో పరీక్ష గట్టెక్కించే సంక్షిప్త విద్యాశిక్షణ 1958లో మొదలైంది. అంతవరకు సహాయం కొరకు ఎదురుచూచిన స్త్రీయే తన ఊరికి సహాయకురాలు కాగల మార్గమేర్పడింది. అదే ఏడాది స్త్రీ విద్యపై నియమితమైన జాతీయ సంఘానికి కూడా ఆమె అధ్యక్షత వహించారు.

1975లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. 1981 మే 9న ఆమె పరమపదించారు.

సంక్షేమమంటే దానమిచ్చి మరలిపోవడం కాదనీ, పుచ్చుకున్న చేతిని ఇచ్చే చేతిగా తీర్చిదిద్దడమనీ ఆమె జీవితం చాటుతున్నది. ఇంటివద్ద నిలిచిపోయిన ఒక్క బాలికను తిరిగి తరగతి గదికి చేర్చిన ప్రతి తల్లీ, ప్రతి గురువూ ఆ మహనీయురాలి బాటలో నడిచినవారే.