పని పోయే కార్మికుడికి చట్టం అండ
వి.వి.గిరి జీవితంలో మరువరాని ఘట్టం

పాతపట్నం నుంచి 1952లో లోక్‌సభకు ఎన్నికైన వరాహగిరి వెంకటగిరి తరువాత రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు. ఉద్యోగం ఊడిన కార్మికుడు ఉత్త చేతులతో ఇంటికి పోకుండా చట్టం తెచ్చింది కూడా ఆయనేనని తెలిసినవారు తక్కువ.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. న్యాయశాస్త్రం చదవడానికి గిరి 1913లో ఐర్లాండ్ వెళ్లారు. అక్కడి స్వాతంత్య్ర వీరులతో సంబంధాలున్నాయని 1916లో ఆ దేశం నుంచి పంపివేశారు.

స్వదేశం వచ్చాక రైల్వే కార్మికుల పక్షాన నిలిచారు. మన జిల్లా మీదుగా వాల్తేరు వరకు నడిచిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు ఉండేది. 1927-28లో కంపెనీ కార్మికులను తొలగించబూనినప్పుడు సమ్మె సాగింది. నోటీసు అందుకున్నవాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్న ప్రశ్న గిరి దగ్గరగా చూసింది అప్పుడే.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో కేంద్రంలో అదే శాఖ చేపట్టారు. మరుసటి ఏడు బట్టల మిల్లులలో సరుకు పేరుకుపోయి వేలమంది పనికి ముప్పు వచ్చింది. అప్పుడు పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించారు. సవరణ 1953 అక్టోబరు 24 నుంచి వర్తించింది.

దాని ప్రకారం ఏడాది సర్వీసున్న కార్మికుడిని తొలగించాలంటే కారణం చూపి నెల ముందు నోటీసు ఇవ్వాలి. లేదా నెల జీతం చెల్లించాలి. పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. అంటే పదేళ్లు చేసినవాడికి 150 రోజుల జీతం. సాధారణంగా చివర చేరినవాడినే ముందు తీయాలి. మళ్లీ మనుషులు కావలసినప్పుడు పాతవారికే మొదట అవకాశం ఇవ్వాలి.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. అది అన్యాయమని గిరి మంత్రి పదవినే వదులుకున్నారు.

1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. 1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

పాత చట్టం స్థానంలో 2020లో పారిశ్రామిక సంబంధాల కోడ్ తెచ్చారు. నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం అన్న సూత్రాలు అందులోనూ ఉన్నాయి. పనికోసం ఊరు విడిచి వెళ్లే ప్రతి కుర్రవాడూ ఈ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి.